అవ్వ ముట్టని బన్ను

కొత్తగా మా శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వనపర్తిలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, మీ సర్వీసులో అన్నిటికన్నా చిక్కు కేసు ఏది సార్ అని అడుగుతారు. వాళ్ల మనసులో కల్తీ నూనె డ్రమ్ములు, రంగు కలిపిన కారం, యూరియా పాలు ఉంటాయని నాకు తెలుసు. అవన్నీ వెతికితే దొరికేవే. నన్ను నిజంగా ఏడిపించింది ఒక బన్ను. అందులో కల్తీ లేదు, విషం లేదు, బూజు కూడా లేదు. తిన్నవాళ్లెవరికీ కడుపునొప్పి రాలేదు. అయినా నా సర్వీసు మొత్తంలో ఏ తిండి మీదా నేను అంత అనుమానపడలేదు, అంతమంది మనుషుల్ని ఒకేసారి అనుమానించిందీ లేదు.

జనం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఉద్యోగం నాది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటికీ చాలాకాలం నేనొక్కణ్నే దిక్కు. ఒక పాత జీపు, ఒక డ్రైవరు, సీసాల పెట్టె, లక్క ముద్రలు. అనుమానం నాకు జీతంతో పాటు వచ్చింది కాదు, పుట్టుకతోనే వచ్చింది. గల్లాపెట్టె మీద దేవుడి పటాలు ఎక్కువున్న దుకాణంలో నేను ఎక్కువసేపు ఉండేవాణ్ని. మర్యాద మితిమీరి చేసినవాడి గోదాము తాళం ముందు తీయించేవాణ్ని. పెళ్లిళ్లకు పోతే మా ఆవిడ నా పక్కన కూర్చోదు, విస్తట్లో వడ్డించిన పనీరు ముక్కను వేలితో నొక్కి చూస్తానని ఆమెకు సిగ్గు.

మా డ్రైవరు నాకు పూర్తిగా ఎదురు. ఫోనులో వచ్చిందల్లా అతనికి నిజమే. ఆ వేసవిలో అతను హనుమాన్ దీక్షలో ఉన్నాడు. కాషాయం బట్టలు, మెడలో మాల, చెప్పుల్లేని కాళ్లతోనే జీపు నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే మా గేటు ముందు జీపు ఆపి, లోపలికి కూడా రాకుండా ఫోను చేతికిచ్చాడు. అందులో ఒక వీడియో. బ్రెడ్డు ప్యాకెట్ మీద ఫలానా నంబరు ఉంటే అది మనుషుల వెంట్రుకలతో చేసిందేనని ఎవరో ఎక్కడో కూర్చుని చెబుతున్నాడు. దాని కింద గద్వాలలోని ఒక బేకరీ ఫొటో తగిలించి, మన దగ్గర కూడా ఇదే జరుగుతోందని ఎవరో రాశారు. డ్రైవరు ముఖం పాలిపోయి ఉంది. దీక్ష పట్టిన దగ్గర్నుంచి గద్వాల పోయినప్పుడల్లా అతను ఫలహారంగా తిన్నది ఆ బేకరీ బన్నులే.

ఆ బేకరీ నాకు తెలుసు. నేతవాళ్ల గల్లీలో ఉంటుంది. దాని యజమానిది నేతపని ఇల్లే. మగ్గం మీద బతుకు సాగడం లేదని అతను హైదరాబాద్‌లో బేకరీ పని నేర్చుకుని వచ్చి, ఇంట్లో మగ్గం గుంతను పూడ్చి దానిమీదే భట్టీ కట్టాడు. ఒకప్పుడు ఆ గుంత పక్కన కూర్చుని కండెలు చుట్టిన వాళ్లమ్మ, ఇప్పుడు గడప పక్కన పీట వేసుకుని కూర్చునేది. గల్లీ అంతా ఆమెను అవ్వ అనే పిలుస్తారు. ఆ ఇంట్లో ఎన్నడూ మాంసం వండలేదు. అవ్వ చిన్నప్పుడే గురువు దగ్గర ఉపదేశం తీసుకుందట, కోడిగుడ్డు పెంకు కూడా ముట్టుకోదు.

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున భట్టీలోంచి తీసిన మొదటి ట్రేలో ఒక బన్ను అవ్వకు ఇస్తారు. ఆమె దాన్ని దేవుడి ముందు పెట్టి, దండం పెట్టుకుని, టీలో ముంచుకుని తింటుంది. ఆమె తిన్నాకే అమ్మకం మొదలు. పాలప్యాకెట్లకు వచ్చినవాళ్లు కూడా గడప బయట నిలబడి, అవ్వ తిన్నదా అని అడిగి లోపలికి వచ్చేవాళ్లు. మాంసం ముట్టని ఇళ్లవాళ్లు, ఒక్కపొద్దులుండే ఆడవాళ్లు, దీక్ష స్వాములు, రంజాన్ నెలలో ఉపవాసం విడవడానికి బన్నులు కొనుక్కుపోయే తురకల గల్లీవాళ్లు, అందరికీ ఆమె నోరే భరోసా. ఇది వ్యాపారపు ఎత్తుగడ కాదు కదా అని నేను మొదట్లో అనుమానపడి, రెండుమూడుసార్లు చెప్పకుండా పొద్దున్నే పోయి చూశాను. ఎత్తుగడ కాదు. ఆమె నిజంగానే ఆకలితో తినేది.

వీడియో వచ్చిన దగ్గర్నుంచి అవ్వ తినడం మానేసింది.

రెండు రోజుల తర్వాత మేం వెళ్లేసరికి ట్రేలన్నీ నిండుగా ఉన్నాయి, కొనే మనిషి లేడు. అవ్వ మాత్రం రోజూ కూర్చునే పీట మీదే కూర్చుని ఉంది. ఎదురింటి అరుగుల మీద ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు, అందరూ ఆమెనే చూస్తున్నారు. కొడుకు చేతి బన్నే కాదు, కొడుకు వండించిన అన్నం కూడా ముట్టడం లేదని, పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని ఆమె ఒక్కదానికే జొన్న గటక కాచుకుంటోందని డ్రైవరు అప్పటికే ఆరా తీసి చెప్పాడు. తల్లి తినని రొట్టె మనమెట్ల తింటామన్నది గల్లీ మాట. ఆమె తింటే దుకాణం ఉంటుంది, తినకుంటే మూతపడుతుంది.  నేనైతే ఇది జనం జాలి కోసం తల్లీకొడుకులు కలిసి ఆడుతున్న ఆటేమోనని కూడా అనుకున్నాను.

తనిఖీ మొదలుపెట్టాను. మైదా బాగుంది, ఈస్టు బాగుంది, డాల్డా డబ్బాల మీద తారీఖులు సరిగ్గానే ఉన్నాయి. భట్టీ గది నేల నా ఇంటి వంటగది కన్నా శుభ్రంగా ఉంది. అంత శుభ్రం చూస్తే నాకు మనసు ఊరుకోదు. వెనక గదిలో మైదా బస్తాల చాటున వేరే రంగు గోనెసంచి ఒకటి కనిపించింది. మూతి విప్పి చూస్తే నిండా వెంట్రుకలు. నల్లవి, నెరిసినవి, చిక్కులు పడి ఉండలు ఉండలుగా ఉన్నాయి. సంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. భయంతో కాదు, దొరికిందన్న సంతోషంతో.

 బేకరీ అతను దాని కథ చెప్పాడు. సైకిలు మీద తిరుగుతూ వెంట్రుకలు కొనే ఒకాయన ఉన్నాడు. ఆ గల్లీ ఆడవాళ్లు తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు చుట్టచుట్టి గోడ సందుల్లో దాచిపెట్టి, అతనికిచ్చి స్టీలు గిన్నెలు తీసుకుంటారు. అది అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. అతను మధ్యాహ్నం ఈ బేకరీలోనే చాయ తాగుతాడు. మొన్న చెడగొట్టు వాన పడినప్పుడు సంచి తడుస్తుందని బతిమిలాడి వెనక గదిలో పెట్టిపోయాడు. అంతే సంగతి.

నేను నమ్మలేదు. అయినా తిండి వస్తువుల మధ్య వెంట్రుకల సంచి ఉండటమే తప్పు కాబట్టి దానికి నోటీసు రాసి, సంచిని బయట పెట్టమని డ్రైవరుకు చెప్పాను. బయట అంటే పెరట్లో అని నా ఉద్దేశం. ఆ మహానుభావుడు దాన్ని భుజానికెత్తుకుని, ముందు గదిలోంచి, బన్నుల ట్రేల పక్కనుంచి, గల్లీ అంతా చూస్తుండగా నడివీధిలో తెచ్చి దించాడు. దించాక మూతి కూడా విప్పి చూపించాడు. అక్కడ లేచిన గోలకు జోగులాంబ ఆలయం దాకా వార్త పోయి ఉంటుంది. అప్పటిదాకా ఫోనులో ఉన్న పుకారుకు ఇప్పుడు కళ్లముందు సాక్ష్యం దొరికింది. అవ్వ మాత్రం పీట మీదనుంచి కదల్లేదు. సంచిని చూసింది, కొడుకును చూసింది, చూపు తిప్పుకుంది.

వెంట్రుకలాయన తన సంచి కోసం తనే వచ్చి గుంపు చేతికి చిక్కాడు. వాళ్ల చేతుల్లోంచి నేనే విడిపించి లోపల కూర్చోబెట్టాను. ఇవి సవరాలకు, విగ్గులకు పోతాయని, రొట్టెల్లో వేసే పిచ్చోడు ఎవడుంటాడని ఒకటే లబలబలాడాడు. చివరికి ఎక్కడికి చేరతాయని అడిగాను. "కర్నూలు సేటు దాంక నాకు ఎరుకనే సారు. ఆడికెల్లి ఏడికి పోతయో నాకు తెల్వదు," అన్నాడు. ఆ కేసులో నాకు నిజం చెప్పిన మొదటి మనిషి అతనేనని నాకు చాలా రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు.

సంచి సంగతి అలా ఉండగా, అసలు సంగతి పిండి కలిపే బల్ల కింద దొరికింది. అక్కడో తెల్లపొడి సంచి ఉంది. మెత్తదనానికి వేసే పొడి అని బేకరీవాళ్లు అంటారు. దాని మీద చిన్న అక్షరాల్లో వీడియోలో చెప్పిన నంబరు ఉంది. ఇది మీకు కాస్త వివరంగా చెప్పాలి. ఆ నంబరు సిస్టీన్ అనే ఒక అమైనో ఆమ్లానిది. మాంసకృత్తులు తయారయ్యే ముక్కల్లో అదొకటి, మన ఒంట్లోనూ ఉంటుంది. చిటికెడు వేస్తే మైదా ముద్ద బిగువు సడలి తొందరగా సాగుతుంది, బన్ను పొంగి దూదిలా వస్తుంది. వేయడం నేరం కాదు, హద్దులో వేస్తే చట్టం ఒప్పుకుంటుంది. చిక్కల్లా అది దేన్నుంచి వచ్చిందన్న దగ్గరే ఉంది. వెంట్రుకల నుంచి తీస్తారు, కోడి, బాతు ఈకల నుంచి తీస్తారు, పంది వెంట్రుకల నుంచీ తీస్తారని విన్నాను. ఇవేవీ లేకుండా చక్కెర పెట్టి సూక్ష్మజీవుల చేత పులియబెట్టి కూడా చేస్తారు. చివరిదైతే అవ్వ తినొచ్చు, స్వాములు తినొచ్చు, ఉపవాసం ఉన్నవాళ్లూ తినొచ్చు. మిగిలినవైతే ఒక్కొక్కటీ ఒక్కొక్కరి నోటికి అడ్డం.

బేకరీ అతన్ని అడిగాను, ఇదేంటో తెలుసా అని. మెత్తగైతది సార్, గంతే తెలుసు, రాయచూరు డీలరు ఇచ్చిండు అన్నాడు. అతని బన్నుల కవరు మీద మాత్రం శాకాహారమని ఆకుపచ్చ చుక్క ముద్రించి ఉంది. ఎవరు ముద్రించమన్నారంటే కవర్లు అమ్మేవాడి దగ్గర అట్లాగే వస్తాయన్నాడు. నాకు ఒళ్లు మండింది. పొడి, బన్ను రెండూ నమూనాలు తీసి, సీలు వేసి, హైదరాబాద్ ల్యాబుకు పంపించాను.

రంజాన్ దగ్గరపడుతున్న ఆ రోజుల్లోనే ఒక ముసలాయన నా ఆఫీసుకు వచ్చాడు. తెల్లగడ్డం, తలమీద టోపీ. గద్వాలలో వాళ్ల మసీదుకు ఉపవాసాల బన్నులు కొనుక్కుపోయేది ఆయనే. కుర్చీలో కూర్చోమంటే కూర్చోకుండా, ఆ పొడిలో పందిది ఏమన్నా ఉందా సాబ్ అని మెల్లగా అడిగాడు. ల్యాబు నుంచి రావాలన్నాను. ఆయన వెళ్లిన వెంటనే మా డ్రైవరు వచ్చి, ఈకలది ఏమన్నా ఉందా సార్ అని అడిగాడు. మాల ఒకరికి, టోపీ ఒకరికి, ప్రశ్న మాత్రం ఒకటే. డ్రైవరుకు ఈ మాట చెబితే ఒప్పుకోలేదు.

ల్యాబులో నాకు తెలిసిన అనలిస్టు ఒకామె ఉండేది. మాట కరుకు, పని నికార్సు. రిపోర్టు కంటే ముందు ఆమె ఫోనే వచ్చింది. అన్నీ హద్దులోనే ఉన్నాయి, తప్పేమీ లేదు అంది. అది సరే, ఆ పొడి వెంట్రుకలదా, ఈకలదా, చక్కెరదా చెప్పమన్నాను. అవతల నవ్వు వినిపించింది. "సార్, ఉప్పు ఏ సముద్రంలోదో మీ నాలుక చెబుతుందా? ఇదీ అంతే. దేన్నుంచి తీసినా చివరికి వస్తువు ఒకటే. మా దగ్గరున్న మిషన్లతో అది తేలదు," అంది. నేను ఫోను పెట్టేశాను. అనుమానం తీరాలంటే ల్యాబుకు పంపాలని నేను జీవితమంతా నమ్మాను. ఇప్పుడు ల్యాబే చేతులెత్తేసింది.

మనుషుల్ని అడగడం ఒక్కటే మిగిలింది. రాయచూరు డీలరుకు ఫోను చేశాను. పక్కా వెజ్జు రీ, అనుమానమే లేదన్నాడు. దేంతో చేస్తారయ్యా అంటే చెట్లతో అన్నాడు. ఏ చెట్టు అంటే, అది కంపెనీకే గొత్తు సార్ అన్నాడు, కంపెనీకే తెలుసని కన్నడంలో. కంపెనీకి రాస్తే ముద్రలతో సహా ఒక కాగితం పంపారు. దాంట్లో, మాకు సరుకు ఇచ్చిన విదేశీ వ్యాపారి ఇది శాకాహారమే అని చెప్పాడు కాబట్టి ఇది శాకాహారమే అని ఉంది. ఆ విదేశీ వ్యాపారికి రాస్తే జవాబే లేదు. వెంట్రుకలాయన సంచి కర్నూలు సేటు దాకా పోయినట్టే, నా విచారణ కూడా ఒక్కో గడప దాటి పోయి పోయి ఎక్కడో సముద్రం అవతల ఆగిపోయింది. నేను డీలరును అనుమానించాను, కంపెనీని అనుమానించాను, ఇంత తెలియనివాడిలా ఉంటాడా అని బేకరీ అతన్ని కూడా అనుమానించాను. ఎవరివైపూ వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఉండబట్టలేక మిగతా బేకరీలు కూడా తిరిగాను. వనపర్తిలో అదే సంచి. నాగర్‌కర్నూల్‌లో అదే సంచి. కల్వకుర్తిలో సంచి వేరు, నంబరు అదే. గద్వాల జనం నేతగల్లీ బేకరీని వదిలేసి, బస్సులో వనపర్తి నుంచి వచ్చే బన్నులు నిశ్చింతగా తింటున్నారు. అదే పొడి, అదే మోతాదు. ఫొటో ఒక్కదానిదే కాబట్టి పాపం ఒక్కదానిదే అయింది. తిరిగొస్తూ కోడేరులో చాయ దుకాణం దగ్గర ఆగితే, మా డ్రైవరు అక్కడి గాజుసీసాలోంచి బన్ను తీసుకుని తింటున్నాడు. అది నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిందని, దాంట్లోనూ ఆ పొడే ఉందని చెప్పాను. అతను సగం బన్నును చేతిలో పట్టుకుని, మింగాలో ఉమ్మాలో తెలియక, నావైపు కోపంగా చూశాడు. "తిన్నంక ఎందుకు జెప్పిండ్రు సార్," అన్నాడు. మిగిలిన సగం కుక్కకు వేశాడు. 

రిపోర్టు చేతికొచ్చిన రోజు నేనే గద్వాల పోయాను. కాగితం పోస్టులో పంపినా సరిపోయేది, కానీ మనసొప్పలేదు. అప్పటికి బేకరీలో రెండు ట్రేలే కాలుస్తున్నారు, అవీ మిగిలిపోతున్నాయి. బేకరీ అతను సగమయ్యాడు. నన్ను చూడగానే చేయి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లాడు. రిపోర్టులో తప్పేమీ రాలేదని చెప్పగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సార్, గదే మాట మా అమ్మకు జెప్పుండ్రి. గా కాయిదం సూపెట్టి వెజ్జే అనుండ్రి. మీరు సర్కారోళ్లు, మీ మాట ఇంటది. ఆమె తింటే గల్లీ తింటది. లేకుంటే ఈ భట్టీ ఆరిపోయినట్టే."

నాకు అప్పుడు ఎంత తేలికైన పనో చూడండి. అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు. కాగితం మీద నిబంధనల ప్రకారమే ఉందని ముద్రతో సహా రాసి ఉంది. గడపలో నిలబడి దాన్ని పైకెత్తితే చాలు, మిగతాది గల్లీనే అనుకుంటుంది. అవ్వకు చదువు రాదు. ఒక ఇల్లు నిలబడుతుంది. నాకు ఆ మనిషి మీద జాలి కలిగింది, దాచుకోవడం ఎందుకు. కాగితం పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను.

జీపు చూసి గల్లీ అంతా పోగైంది. రంజాన్ ఉపవాసంలో ఉన్న మసీదు ముసలాయన కూడా ఎక్కడినుంచో వచ్చి పక్కగా నిలబడ్డాడు. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. ఆమె ముఖంలో నాకు బాగా తెలిసిన చూపు ఉంది. రోజూ పొద్దున అద్దంలో చూసుకునేదే. కాగితం వంక చూడనే లేదు.

"సారూ, గీ పొడి దేంట్లకెల్లి జేస్తరు?" అని అడిగింది.

కాగితంలో లేని ప్రశ్న అదొక్కటే. ఆమె అదే అడిగింది.

"తెల్వదమ్మా," అన్నాను.

వెనక బేకరీ అతను గోడకు ఆనుకున్న చప్పుడు వినిపించింది. ఇక మొదలుపెట్టాను కాబట్టి అంతా చెప్పేశాను. వెంట్రుకల నుంచి కావచ్చు, ఈకల నుంచి కావచ్చు, జంతువుల నుంచి ఏమీ లేకుండా చక్కెర నుంచి కూడా కావచ్చు. మీ గల్లీ వెంట్రుకల సంచికీ ఈ బన్నుకూ మాత్రం ఏ సంబంధం లేదు. ఒంటికి హాని లేదు. నియమానికి హానో కాదో నాకు తెలియదు. ఆమె కళ్లార్పకుండా విన్నది.

"పట్నం దవాఖానలెక్క మిషన్లు పెట్టి సూస్తరంట గద, అండ్ల తేలలేదా?"

తేలదన్నాను.

"అమ్మినోనికి ఎరుకలేదా?"

అతనికీ తెలియదు, అతనికి అమ్మినవాడికీ తెలియదన్నాను.

ఆమె అప్పుడు కొడుకు వైపు తిరిగింది. "మరి నీకెట్ల తెల్సెరా?" అంది.

గల్లీలో ఎవరికీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. కొడుక్కి మాత్రం అర్థమైంది. తల వంచుకున్నాడు. అవ్వ గొంతు పెంచలేదు. వీడియో వచ్చిన రోజు పొద్దున తను బన్ను చేతిలో పట్టుకుని, ఇది మంచిదేనా అని కొడుకును అడిగిందట. అతను ఆమె తలమీద చేయి పెట్టి, నీమీద ఒట్టు, దీంట్లో జీవానికి సంబంధించింది ఏమీ లేదన్నాడట. ఆలోచించకుండా ఒట్టేశాడని ఆమె బన్ను కింద పెట్టేసింది అప్పుడే.

"తినకుంటివని ఒట్టు ఏసిన అమ్మా," అన్నాడతను. చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

"పొడి సంగతి నీకు ఎరుక లేదు, దానికి నేనేమంట. ఎరుక లేకుంటనే ఉన్నట్టు నా తలకాయ మీద చెయ్యి పెడ్తివి. గందుకే నీ చేతిది ముట్టలే. ఈయన సర్కారోడు, నా కడుపున పుట్టలే. తెల్వదని తెల్వదన్నడు."

ఇన్నాళ్లూ ఆమె వెంట్రుకలను చూసి తినడం లేదని మేమందరం అనుకున్నాం. నేను తల్లీకొడుకుల నాటకం అనుకున్నాను, గల్లీ సంచి అనుకుంది, వీడియో చూసినవాళ్లు నంబరు అనుకున్నారు. ఆమెకు అనుమానం వచ్చింది పొడి మీద కాదు, కొడుకు మాట మీద. అంతమంది అనుమానపడ్డ ఆ గల్లీలో సరైన చోట అనుమానపడింది ఆమె ఒక్కతే. నాకు సిగ్గేసింది, ఆమె మీద గౌరవమూ కలిగింది.

ఆ పొడి లేకుంటే బన్ను కాదా అని ఆమె అడిగింది. అవుతుంది, గట్టిగా వస్తుంది, ఎవరూ కొనరన్నాడు కొడుకు. కొనకుంటే మానె, గట్లనే చెయ్యి అంది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఆకుపచ్చ చుక్క కవర్లన్నీ నా ఎదుటే కాల్చేశారు. కోడేరులో పుట్టిన కోపం ఇంకా తగ్గనట్టు, మా డ్రైవరే వాటికి అగ్గిపుల్ల గీశాడు. డీలరు మీద రాసిన కాగితం పక్క రాష్ట్రం ఆఫీసులకు పోయింది, అక్కడ ఏ బల్ల మీద ఉందో ఇప్పటికీ తెలియదు. మిగతా బేకరీలకు, మూలం తేలేదాకా ఆ చుక్క వాడొద్దని నోటీసులిచ్చాను. కొందరు తీసేశారు, కొందరు నేను వెళ్లే రోజు మాత్రం తీసేసేవాళ్లు. నేను రిటైరయ్యాను. మీరు చేరారు. మీలో ఎవరైనా ఏదో ఒకరోజు ఆ సంచి ముందు నిలబడతారు. ల్యాబు చెప్పలేని ప్రశ్న ఎవరైనా అడిగితే, జేబులో ఉన్న కాగితం తీయకండి. అంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

ఆ సాయంత్రం నేను గద్వాలలోనే ఉండిపోయాను. ఎందుకంటే నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. అలవాటైన చేయి, చిటికెడు పొడి, ఎవరు చూడొచ్చారు. పిండి కలిపేటప్పుడు బల్ల పక్కనే నిలబడ్డాను. అతను పళ్లేలు, గరిటెలు అన్నీ బూడిదతో తోమి, వేణ్నీళ్లతో కడిగి, మైదా, ఈస్టు, ఉప్పు, చక్కెర వేసి పిసికాడు. ముద్ద బిగుసుకుపోయి చేతికి ఎదురు తిరుగుతోంది. పొడి ఉంటే ఇంత చాకిరీ ఉండదు సార్ అన్నాడొక్కసారి. పొద్దుటి దాకా నానితే గానీ పొంగదన్నాడు.

తెల్లారి భట్టీ దగ్గరికి పోయేసరికి గల్లీ నిండుగా ఉంది. కొనడానికి కాదు, చూడటానికి. మొదటి ట్రే బయటికొచ్చింది. బన్నులు చిన్నవి, ముదురు గోధుమరంగు, పైన పగుళ్లు. వనపర్తి బన్నుల పక్కన పెడితే ఎవరూ చేయి కూడా వేయరు. అతను ఒకటి తీసి అవ్వ చేతికిచ్చాడు. ఈసారి ఆమె ఏమీ అడగలేదు, అతనూ ఏమీ చెప్పలేదు.

ఆమె దాన్ని దేవుడి ముందు పెట్టి, దండం పెట్టుకుని, తిరిగి వచ్చి పీట మీద కూర్చుంది. ఒక మూల తుంచి టీలో ముంచింది. ఆ బన్ను నానడానికే చాలాసేపు పట్టింది. నోట్లో పెట్టుకుని, పళ్లు లేని చిగుళ్లతో అటూ ఇటూ తిప్పుతూ నమలసాగింది.  కొడుకు భట్టీ గది గుమ్మంలో నిలబడి, మైదా అంటిన చేతులు అలాగే పైకి పట్టుకుని చూస్తున్నాడు. చివరికి ఆమె మింగింది.

"గట్టిగున్నదిరా," అంది, గల్లీ అంతటికీ వినపడేలా. అని ఇంకో ముక్క తుంచుకుంది.

బయట మసీదు ముసలాయన గుంపును తప్పించుకుంటూ గడప దాకా వచ్చాడు. చేతిసంచి విప్పి ముందుకు చాపాడు.

"పొద్దుగూకినంకకు మాకు గూడ గా గట్టియే కట్టియ్యి బేటా," అన్నాడు.